ఆవకాయ సీసా ఫుల్ ఫార్వర్డ్‌గా ఆడిన రెండు సీజన్లు

ఇది రెండు సీజన్లపాటు సాగిన ఒక మహాసంగ్రామ గాథ. ఇందులో వ్యూహాలున్నాయి, మంత్రాంగాలున్నాయి, మూడు సంతకాలతో ఒక వీరుణ్ణి ఊరు దాటించిన ఘోరముంది, ఆ ముగ్గురిలో ఒకడు చేసిన ద్రోహముంది. ఆ ద్రోహిని నేనే. ఇలా మొదలుపెడితే బాగుంటుందనుకున్నాను గానీ మనస్సాక్షి ఒప్పుకోవడం లేదు. రణరంగం న్యూజీలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో ఒక అద్దె ఇంట్లోని నాలుగు కుర్చీల డైనింగ్ టేబుల్. సైన్యం ఆరు పచ్చడి సీసాలు. ఆ వీరుడికి మేమున్నామన్న సంగతే తెలియదు. మొన్న ఫ్లాట్ మారుతూ వంటగది సొరుగు ఖాళీ చేస్తుంటే ఒక ఎర్రటి ప్లాస్టిక్ మూత దొరికింది. దానిమీద తెల్ల టేపు ముక్క, టేపు మీద డ్రాయింగుల్లో ఇంజనీర్లు రాసే నిటారు అక్షరాలతో ‘ఫుల్ ఫార్వర్డ్’ అని ఉంది. సీసా లేదు. ఆవకాయ ఎప్పుడో అయిపోయింది. మూతను పారేయాలా వద్దా అని పావుగంట నిలబడ్డాను. రీసైక్లింగ్ డబ్బాలో మూతలు వేయకూడదన్నది గుర్తొచ్చి జేబులో వేసుకున్నాను.

ఆక్లాండ్‌లో కన్‌స్ట్రక్షన్ డిప్లొమా చదివి ఉద్యోగం కోసం నేను క్రైస్ట్‌చర్చ్‌లో దిగేసరికి భూకంపం వచ్చి మూడేళ్లు నిండాయి. ఊరంతా క్రేన్లు, నారింజరంగు కోన్లు. మనుషుల కంటే కోన్లే ఎక్కువ కనిపించేవి. మా వీధి మొదట్లో ఉన్న ఒక కోన్‌ను రోజూ చూసి చూసి పలకరించకుండా పోతే ఏమనుకుంటుందోననిపించేది. ఫ్లాట్‌లో నాతోపాటు ఇద్దరు కివీ కుర్రాళ్లుండేవారు. మంచివాళ్లే. మేము మాట్లాడుకున్న మాటలన్నీ కలిపితే ఒక పోస్టుకార్డు వెనక పడతాయి, అందులో సగం చెత్తడబ్బా ఏ రోజు బయట పెట్టాలన్నవే. ఆదివారం ఇంటికి ఫోన్ చేస్తే కరీంనగర్‌లోని అమ్మ నుంచి “తిన్నవా?” అనే ప్రశ్న వచ్చేది, నేను “తిన్న” అనేవాణ్ణి. ఆ తర్వాత ఇద్దరమూ సిగ్నల్ బాగా లేదనుకునేవాళ్లం. సిగ్నల్ బాగానే ఉండేది.

సైట్ ఆఫీసులో నా పై ఇంజనీరు తెలుగాయనేనన్న సంగతి నేను ప్రింటర్‌ను తిడుతుండగా తెలిసింది. “దాన్నేం అనకురా, కాగితం నువ్వే తిరగేసి పెట్టావు” అని వెనకనుంచి వినిపించింది. యాభై దాటిన మనిషి, అందుకే అంకుల్ అన్నాను. తెనాలి దగ్గర పుట్టి, మెల్‌బోర్న్‌లో పద్దెనిమిదేళ్లుండి, కూలిన ఊరిని నిలబెట్టడానికి కాంట్రాక్టు మీద వచ్చారు. ఆయన భార్య, అంటే ఆంటీ, మెల్‌బోర్న్‌లోనే ఆస్పత్రి ఉద్యోగంలో ఉండిపోయారు. “శనివారం ఇంటికి రా, పప్పన్నం పెడతాను, మ్యాచ్ ఉంది” అన్నారు. క్రికెట్ అనుకుని వెళ్లాను.

టీవీలో కోడిగుడ్డు ఆకారపు మైదానంలో చేతుల్లేని బనీన్లు వేసుకున్న ముప్ఫై ఆరుమంది కోడిగుడ్డు ఆకారపు బంతి వెంట పరుగెడుతున్నారు. రగ్బీయా అని అడిగాను. అంకుల్ మొహం చూసి మళ్లీ ఎప్పుడూ అడగలేదు. అది ఆస్ట్రేలియా వాళ్ల సొంత ఫుట్‌బాల్. రగ్బీ తప్ప మరొకటి ఆటే కాదనే ఈ దేశంలో దాని పేరెత్తితే జనం మర్యాదగా వాతావరణం గురించి మాట్లాడేవారు. రెండు చివరలా నాలుగేసి స్తంభాలు. నడిమి రెంటి మధ్య నుంచి తన్నితే గోల్, ఆరు పాయింట్లు. గురి తప్పి పక్క సందులోంచి పోయినా ఒక పాయింటు ఇస్తారు. తప్పు రాసినా పేజీ నింపినందుకు మార్కు వేసే మా బడి పంతులు పెట్టిన ఆటలా ఉందని నాకు వెంటనే నచ్చింది. అంకుల్ అభిమానించే క్లబ్బులో ఒక పొడుగోడుండేవాడు, గోల్ ముందు నిలబడే ఫుల్ ఫార్వర్డ్. ఎంత ఎత్తున వచ్చిన బంతినైనా అందుకునేవాడు. అందుకున్నాక సగంసార్లు పక్క సందులోకి తన్నేవాడు. “పాపం, మంచిగనే ఆడుతుండు కద” అన్నాను, మర్యాద కోసం. అంకుల్ ఒక్క క్షణం నా వైపు చూసి, “ఆడటమా? ముందు వాణ్ణి అమ్మేయాలి!” అన్నారు. అలా మొదలైంది.

ఫార్వర్డ్ లైన్‌లో ఆరుగురుంటారు కాబట్టి భోజనాలయ్యాక టేబుల్ మీద ఆరు సీసాలు నిలబడేవి. అందరికంటే పొడుగైన కిలో ఆవకాయ సీసా పొడుగోడు. గోంగూర, నిమ్మకాయ, ఉసిరి, అల్లం మిగతావాళ్లు. ఆరో సీసాకు పచ్చడి దొరక్క జామ్ సీసాను పెట్టాం, దాన్ని కొత్తగా చేరిన కుర్రాడన్నాం. మూడో సభ్యుడు కంచె అవతలి ఇంట్లో ఉండే క్రేన్ డ్రైవర్ తాత. మెల్‌బోర్న్‌లో పుట్టి పెరిగిన అరవై దాటిన తెల్లాయన, అదే క్లబ్బు అభిమాని. బీరు సీసా పట్టుకుని వచ్చి పప్పన్నం స్పూన్‌తో తినేవాడు. మా మాటల్లో అన్నిటికంటే ఎక్కువగా వినిపించిన ఒకే ఒక్క తెలుగు పదం నేర్చుకున్నాడు.

“బరువంతా ఒక్క స్తంభం మీద పెడితే ఏమవుతుందో ఈ ఊళ్లో చూశాంగా? వాణ్ణి అమ్మి ఇద్దరు పొట్టి కుర్రాళ్లని తెచ్చుకోవాలి. బరువు పంచాలిరా!” అనేవారు అంకుల్, ఆవకాయను పక్కకు జరిపి.

“ఉన్న స్తంభం తీస్తే కప్పు మీద పడతది అంకుల్,” నేను సీసాను మళ్లీ మధ్యలోకి జరిపేవాణ్ణి.

“పట్టుకోవడం వరకే వాడికొచ్చు. కాలు పనికిరాదు.”

“కాలు మంచిగనే ఉంది. గాలి తిప్పుతుంది.”

“కప్పు మూసిన స్టేడియంలో గాలెక్కణ్ణుంచి వచ్చిందిరా?”

“ఏసీ గాలి.”

“కాదు,” అనేవాడు తాత. ఎవరి మాటకో మాకు చెప్పేవాడు కాదు.

ఆస్ట్రేలియాలో సీజన్ ముగిశాక అక్టోబరులో క్లబ్బులు ఆటగాళ్లను ఇచ్చిపుచ్చుకుంటాయి. దానికి ముందే అంకుల్ క్లబ్బుకు ఒక ఉత్తరం తయారుచేశారు, పొడుగోణ్ణి ఎందుకు వదులుకోవాలో నాలుగు పేజీల్లో, రెండు పటాలతో. కింద కుడి మూలన డ్రాయింగుల్లో ఉన్నట్టే మూడు గళ్లు: తయారుచేసినవారు, సరిచూసినవారు, ఆమోదించినవారు. మా ఆఫీసులో మూడు సంతకాలూ పడందే ఏ కాగితమూ గడప దాటదు. ఈ ఉత్తరానికీ అదే రూలన్నారు అంకుల్. ఆమోదించే తాత చదవకుండానే సంతకం పెట్టేశాడు. సరిచూసే గడి నాది. నేను పెట్టలేదు. వాదన తెగితే ప్లేట్లు కడుక్కుని బయల్దేరాలి, తెగనంతవరకు ఇంకో టీ వస్తుంది. ఇంత చిన్న లెక్క నాకు తెలియక కాదు. వారం మొత్తంలో నేను నోరారా తెలుగు మాట్లాడేది ఆ నాలుగైదు గంటలే. ఆ గడి ఖాళీగా ఉన్నంతకాలం నాకు శనివారం ఉండేది. మొదటి అక్టోబరు అలా గడిచింది, ఉత్తరం ఫ్రిజ్ మీద మాగ్నెట్ కింద ఉండిపోయింది. సీజన్ లేని డిసెంబరు, జనవరి ఎండాకాలంలో కూడా సీసాలు ఆడుతూనే ఉండేవి.

రెండో అక్టోబరులో, సరిగ్గా ఆ ఇచ్చిపుచ్చుకునే వారానికి ముందు, నాతో చదివిన ఒకతను ఫోన్ చేశాడు. “శనివారం ఐదింటికి చిన్న గెట్ టుగెదర్ మామా, మనోళ్లందరూ వస్తున్నరు, నువ్వు పక్కా రావాలె” అన్నాడు. ఈ ఊళ్లో నన్ను ఎవరైనా పార్టీకి పిలవడం అదే మొదటిసారి. చొక్కా ఇస్త్రీ చేశాను. రెండుసార్లు. పార్టీకి వెళ్లాలని ముందే చెప్పినా, ఆ శనివారం అంకుల్ ఇంట్లోనే నాలుగున్నర అయ్యింది. ఆయనేమో అప్పుడే ఉసిరికాయను కుడి మూలకు పంపి కొత్త వ్యూహం మొదలుపెట్టారు. బస్సు పోతుందని నాకు కాళ్లు నిలవడం లేదు.

“మీరు చెప్పిందే కరెక్ట్ అంకుల్. అమ్మేయాలె.”

ఆయన చెయ్యి ఉసిరి సీసా మీద ఆగిపోయింది. “ఏంటీ?”

“ఆలోచించిన. వాడు వద్దు.”

“మరి గాలి?”

“గాలి ఎక్కడిది? మీరే అన్నరు కద.”

ఫ్రిజ్ మీదనుంచి ఉత్తరం దిగింది. ఆయన పెన్ను ఇచ్చేటప్పుడు క్యాప్ తీయడం మరిచిపోయారు, నేనే తీసి, నిలబడే సంతకం పెట్టాను. అంకుల్ ఆవకాయ సీసా మూత బిగించి అలమరలో పెట్టారు. తాత కాదనలేదు. మిగిలిన బీరు పట్టుకుని కంచె దాటి వెళ్లిపోయాడు. రెండు సీజన్లలో మేము ముగ్గురమూ ఒక్కమాట మీదికి రావడం అదే మొదలు. అలా వస్తే తర్వాత ఏం చేయాలో మా రూల్స్‌లో లేదు.

పార్టీలో కుర్చీలు వరసగా వేసి ఉన్నాయి, ఎదురుగా ప్రొజెక్టర్. సూటు వేసుకున్నాయన “ఐదేళ్ల తర్వాత మీరెక్కడుంటారు?” అని అడిగి, విటమిన్ డబ్బాలు అమ్మితే ఎక్కడుంటామో బొమ్మ గీసి చూపించాడు. నేను ఐదు నిమిషాల తర్వాత బస్టాపులో ఉన్నాను.

ఆ బుధవారమే క్లబ్బు పొడుగోణ్ణి వేరే ఊరికిచ్చేసింది. ఈమెయిల్‌లో సంతకాలకు విలువుండదని అంకుల్ పోస్టులో పంపిన ఉత్తరం అప్పటికి సముద్రం కూడా దాటి ఉండదు. కాబట్టి చట్టప్రకారం నేను నిర్దోషిని. అయినా ఆ వార్త చూశాక మధ్యాహ్నం అన్నం సయించలేదు. శనివారం అంకుల్ పిలుస్తారేమోనని చూశాను. పిలవలేదు కదా అని నేను వెళ్లలేదు. పార్టీలకు పోయే కుర్రాడికి నా సీసాలెందుకని ఆయన పిలవలేదట. అదే నెలలో ఆయన్ని ఊరికి ఆ చివరున్న సైటుకు మార్చారు. ఆరేడు శనివారాలు నేను సూపర్‌మార్కెట్‌కు వెళ్లి ఒక్కొక్క వస్తువే కొన్నాను. సంచిలో పెట్టని వస్తువేదో ఉందని అక్కడ మనమే బిల్లు వేసుకునే యంత్రం అస్తమానం హెచ్చరించేది. వారాంతంలో నాతో ఎక్కువ మాట్లాడింది అదే.

డిసెంబరులో అంకుల్ మెసేజ్ వచ్చింది: కాంట్రాక్టు అయిపోయింది, సామాను సర్దుతున్నాం, ఆంటీ వచ్చింది, కావలసినవి పట్టుకెళ్లు. వెళ్లేసరికి అంకుల్, తాత బయట పెట్టెలకు తాళ్లు కడుతున్నారు. ఆంటీని చూడటం అదే మొదటిసారి. వంటగదిలో సీసాలు తుడుస్తున్నారు.

“పొడుగోణ్ణి అమ్మమని సంతకం పెట్టింది నువ్వేనా?”

“నేనే ఆంటీ.”

“ఈయన రెండ్రోజులు సరిగ్గా అన్నం తినలేదు తెలుసా? రెండు సీజన్ల నుంచీ రోజూ ఫోన్లో నాతో పోట్లాటే, వాడు లేకపోతే మనకు గోల్సే లేవని. అమ్మేయమనేదాన్ని నేను.”

“నాతోటి ఎప్పుడూ అమ్మేయాలనే అన్నరు కద!”

“మొదటిరోజే నువ్వు వాడి పక్షం పట్టావంటగా. నేనూ అడిగాను, ఆ పిల్లాడితో అబద్ధమెందుకని. ఇద్దరం ఒకటే అంటే ఆ కుర్రాడు రెండో శనివారం ఏముందని వస్తాడే, అన్నారు.”

నా కళ్లలో నీళ్లు తిరిగాయని రాసుకోవచ్చు. కానీ ఆ సమయానికి ఆవకాయ సీసా మూత తీసి ఉంది, ఖచ్చితంగా చెప్పలేను. బయటికెళ్లి తాడుకు ఇంకో కొస పట్టుకున్నాను. అంకుల్ ఆరు సీసాలూ అట్టపెట్టెలో నాకిచ్చి, “గోంగూర ముందు తినేయ్, పాడవుతుంది” అన్నారు.

మార్చిలో కొత్త సీజన్ మొదలైంది. ఆ మ్యాచ్‌లు వచ్చే చానల్ నా దగ్గర లేదు. స్కోరు చూస్తే మావాళ్లు ఘోరంగా ఓడిపోయారు. పొడుగోడు కొత్త క్లబ్బుకు ఆరు గోల్స్ కొట్టాడు. ఫోన్ చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. సంజాయిషీ చెప్పాలా, క్షమాపణ అడగాలా అని రకరకాలుగా అనుకుని, చివరికి చేశాను.

“అంకుల్, పొడుగోణ్ణి అమ్మి మంచి పని చేసినం. మన కొత్త పోరడు మస్తుగ ఆడిండు.”

అవతల టీవీ శబ్దం తగ్గింది.

“నీ మొహంరా! వాడు ఆడిందేంటి, అసలు మ్యాచ్ చూశావా?”

“చూడలే.”

“చూడకుండా నోటికొచ్చింది వాగుతావా? ఆ పొడుగోడి కాలేంటో, వాడి విలువేంటో నీకేం తెలుసురా?”

“మరి మీరే చెప్పండ్రి.”

నలభై నిమిషాలు చెప్పారు. రెండు సీజన్లు దాచుకున్నదంతా చెప్పారు. నేను ప్రతి మాటా కాదన్నాను.

ఫోన్లు మొదట్లో ప్రతి శనివారం, తర్వాత రెండు వారాలకోసారి, ఆ తర్వాత పెద్ద మ్యాచ్‌లకే. తాత ఏదో గనిలో క్రేన్ పని దొరికి ఆస్ట్రేలియా వెళ్లిపోయాడు. ఊళ్లో కోన్లు కూడా తగ్గాయి. రెండేళ్ల క్రితం ఫైనల్ రోజున, మెల్‌బోర్న్ మాకంటే రెండు గంటలు వెనక కదా అని లెక్కవేసి, ఆట ముగిసి ఉంటుందని ఏడింటికి ఫోన్ చేశాను. “ఒరేయ్, ఇంకా సగం ఆటుంది, పెట్టేయకు, లైన్లోనే ఉండు” అని ఫోన్‌ను టీవీ పక్కన పెట్టేశారు. గంటసేపు వేలమంది అరుపులు విన్నాను. మధ్యలో ఆంటీ ఎవరినో అమ్మేయమన్నారు, ఈయన కూడదన్నారు. నేను ఖాళీ వంటగదిలో నిలబడి, వాళ్లకు వినపడదని తెలిసీ, ఇద్దరినీ కాదన్నాను. పోయిన కాలం తిరిగి రాదంటారు గానీ, ఆ సాయంత్రం నాకు ఒక గంట తిరిగి వచ్చింది. ఎందుకంటే సెప్టెంబరు చివరి ఆదివారం ఎండాకాలం వస్తోందని ఇక్కడి గడియారాలు ఒక గంట ముందుకు జరుగుతాయి, మెల్‌బోర్న్‌లో ఇంకో వారానికి గానీ జరగవు. ఫైనల్ పడిన ఆ ఒక్క వారం తేడా రెండు గంటలు కాదు, మూడు. ఫోన్లో టైము దానంతటదే మారుతుంది. ఓవెన్ మీదిది మాత్రం చేత్తో మార్చుకోవాలి.