ఐదో అడుగు

ఈ ఆటలో మనకు కనిపించేది మన చెయ్యి, అందులోని రివాల్వర్ మాత్రమే. ఎదురుగా దుమ్ము వీధి, సారా దుకాణం, చెక్క చర్చి. మొదటివాణ్ణి గొంతులో కాల్చాను. గుర్రాల నీళ్ళతొట్టిలో పడ్డాడు, తొట్టంతా ఎర్రబడింది. రెండోవాడు చర్చి మెట్ల మీద నుంచి దొర్లాడు. మూడోవాడు పాకిపోతుంటే వీపులో కాల్చాను. పదిహేనేళ్ళయినా నా వేలు ఏదీ మరిచిపోలేదు. ఆదివారం పిల్లలకు వాక్యం చెప్పే నేను ఈ పాత కౌబాయ్ ఆట మళ్ళీ తెరిచింది ఒక చావును సరిచూసుకోవడానికి. అది నా చావే.

అప్పుడు ఇంటర్ చదువుతున్నాం. పటాన్‌చెరు బస్టాండ్ దగ్గరి ఇంటర్నెట్ సెంటర్‌లో నేనూ నా స్నేహితుడూ పక్కపక్క కంప్యూటర్ల ముందు కూర్చుని ఒకరినొకరం చంపుకునేవాళ్ళం. ఇద్దరం విశ్వాసులమే. మాది ప్రార్థన మందిరం, వాళ్ళది కతోలిక గుడి. ఒకరోజు కొత్త పందెం పెట్టుకున్నాం. వీపులు ఆనించి నిలబడాలి. ఇద్దరం ఒకేసారి కీ నొక్కుతూ నడవాలి. అడుగుకొక ఆజ్ఞ చొప్పున బైబిల్లోని పది ఆజ్ఞల్ని వరుసగా మనసులో చెప్పుకోవాలి. నరహత్య వద్దనే ఆజ్ఞ రాగానే తిరిగి కాల్చాలి. ఆ వయసులో మాకది భక్తిలాగే తోచింది.

మొదటిసారి నా వీపులో గుండు దిగింది. రెండోసారీ అంతే. మూడోసారి ఆరో అడుగు పడేలోపే నా తల పేలింది.

"దొంగవెధవా, ముందే తిరుగుతున్నావు!"

"నీకు ఆజ్ఞలు గూడ రావారా? పోయి మళ్ళ బాప్తిస్మం తీస్కో," అని పగలబడి నవ్వాడు.

కీబోర్డును వైరుతో సహా పీకి వాడి నోటి మీద కొట్టాను. కింద పడ్డాక కూడా కొట్టాను. ఊడిన కీల మధ్య రెండు పళ్ళు కనిపించాయి. కోపం తెచ్చుకున్నందుకు దేవుణ్ణి క్షమించమన్నాను. వాణ్ణి మాత్రం అడగలేదు. మోసగాడని కాలనీ అంతా చెప్పాను.

పోయిన నెల కిష్టారెడ్డిపేటలో ఒక కతోలిక సహోద్యోగి కొత్త ఫ్లాట్‌లో ప్రార్థనకు వెళ్ళాను. గోడ మీద పది ఆజ్ఞల పటం ఉంది. చదువుతూ ఐదో వరుస దగ్గర ఆగిపోయాను. నరహత్య వద్దనే ఆజ్ఞ మాకు ఆరోది, వాళ్ళకు ఐదోది. మా మొదటి రెంటినీ వాళ్ళు ఒకటిగా లెక్కిస్తారట, మా చివరిదాన్ని రెండు చేస్తారట. వాక్యం కంఠతా వచ్చిన నాకు ఇది తెలియదు.

ఇప్పుడు ఆటలో ఐదు అడుగులు వేసి తిరిగాను. అవతల కంప్యూటరే ఆడించే ప్రత్యర్థి ఇంకా వెళ్తూనే ఉన్నాడు, నాకు వీపు కనిపించింది. నా స్నేహితుడు ఆరోజు చూసింది ఇదే. నియమం ప్రకారం తిరిగాడు, కాల్చాడు.

మర్నాడు ఆదివారం, మందిరంలో ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన. సహోదరుడితో సమాధానపడకుండా రొట్టె ముట్టకూడదని మా సంఘంలో కట్టడి. పదిహేనేళ్ళుగా ముడుతూనే ఉన్నాను.

ఆ సాయంత్రమే పటేల్‌గూడలో వాడి వెల్డింగ్ షాపుకు వెళ్ళాను.

"ఏందిరా, మిగిలిన పండ్లు గూడ రాలగొడ్తవా?"

అంతా చెప్పాను. వాడు కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టాడు. కాలరు పట్టుకుని షట్టరుకేసి అదిమి ఒకటే గుద్దు గుద్దాడు. పెదవి చిట్లింది. నేను చేతులెత్తలేదు.

"నీ మాటలు మా నాయిన నమ్మిండు. మోసం జేసి తన్నులు తిన్నవా అని బెల్టుతోని కొట్టిండు. సచ్చేదాంక గట్లనే అనుకున్నడు. ఎర్కనా నీకు?"

తెలియదన్నాను.

"గిప్పుడు కొట్టింది నా పండ్లకు. నాయిన సంగతి ఇంకా ఉంది. రేపు నువ్వు రొట్టె ముట్టకు."

"మరెప్పుడు?"

"నేను జెప్పినప్పుడు."

ఆదివారం రొట్టె పళ్ళెం వరుసలో నా దాకా వచ్చింది. వాచిన పెదవితో తల వంచుకుని, ముట్టకుండా పక్కవాళ్ళకు అందించాను.