రెండు పెట్టెలూ ఎత్తని ఫోన్

శుక్రవారం పదకొండున్నర దాటినా ఫోన్ లైనుకి తగిలించిన పెట్టె మీద పచ్చదీపం వెలగడం, ఆరిపోవడం తప్ప ఇంకేమీ జరగలేదు. గుడ్రున్ హెర్టెల్ మళ్లీ గడియారం చూసుకుంది. ప్లౌయెన్ ఊళ్లోని ఈ లేసుల గిడ్డంగి కంప్యూటర్లని, న్యూరెంబర్గ్ పెద్దాఫీసు కంప్యూటర్లతో ఆ పెట్టె ద్వారా డిజిటల్ ఫోన్ లైను మీద కలపడం ఆమె పని. ఒంటిగంటకి గిడ్డంగి మూసేస్తారు. ఉద్యోగంలో పనితనం చూడ్డానికి ఆమెకిచ్చిన ఆరు నెలల గడువు కూడా ఈ రోజుతోనే సరి. లైను కలవకపోతే ఉద్యోగం గల్లంతే.

ఆమెకి నలభై తొమ్మిదేళ్లు. ఇరవై రెండేళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ట్రంకు కాల్స్ కలిపింది. రెండు జర్మనీలూ ఒకటయ్యాక దానికి మూత పడింది, మూడేళ్లు ఇంట్లో కూర్చుంది. ఆ తర్వాత తన పిల్లల వయసువాళ్ల పక్కన కూర్చుని ఈ విద్య నేర్చుకుంది. ఎంత ఏడ్చిందో ఆమెకే తెలుసు. ఇదీ పోతే ఇక ఎవరు పిలుస్తారు చెప్పండి?

"ఏమ్మా, మీ పెట్టె నోరు విప్పిందా?" గిడ్డంగి చూసుకునే జైడల్ అనే ఆవిడ కాఫీ పట్టుకొచ్చింది. "ముందే చెప్తున్నా, ఒంటిగంట దాటితే దేవుడు దిగొచ్చినా నేనుండను."

"కాసేపు ఊరుకోండి తల్లీ, అసలే గుండె దడగా ఉంది."

తీగలు మూడుసార్లు పీకి మళ్లీ పెట్టింది. లాభం లేకపోయింది. చివరికి సిగ్గు చంపుకుని, న్యూరెంబర్గ్‌లో అవతలి పెట్టె చూసే ఫ్లైష్మన్‌కి మామూలు ఫోన్‌లో చేసింది.

"ఫ్లైష్మన్ గారూ, నా పెట్టె మీకు చేస్తోంది, మీది ఎత్తడం లేదు."

"ఎత్తదండీ. నంబరు చూసుకుని పెట్టేస్తుంది, ఆనక తనే తిరిగి చేస్తుంది. దొంగలు చొరబడకుండా మా పద్ధతి అది. పొద్దుట్నించీ చేస్తూనే ఉంది, మీదే ఎత్తి చావట్లేదు!"

గుడ్రున్‌కి అప్పుడు విషయం అర్థమైంది. ఎక్స్ఛేంజిలో ఎవరు ట్రంకు అడిగినా ముందు పెట్టేసి, తనే తిరిగి చేసి, మనిషి ఎవరో ఖాయం చేసుకున్నాకే కలిపేది. పెట్టె ఎలా అమర్చాలో చెప్తూ ఫ్లైష్మన్ పంపిన కాగితంలో 'తిరిగి ఫోన్ చేయాలా?' అన్న గడి ఖాళీగా ఉంది. పాత అలవాటు ఎక్కడికి పోతుంది? పొద్దున ఎవర్నీ అడక్కుండా చెయ్యి తన పెట్టె సెట్టింగుల్లో ఆ గడికి టిక్కు పెట్టేసింది.

"నాదీ అదే చేస్తోందండీ," అంది నీరసంగా. "రెండూ పొద్దుట్నించీ ఒకదాని మొహాన ఒకటి ఫోన్ పెట్టేసుకుంటున్నాయి."

టిక్కు తీసేసింది. ఈసారి న్యూరెంబర్గ్ తిరిగి చేయగానే ఆమె పెట్టె ఎత్తింది. దీపం ఆరలేదు. తెర మీద పెద్దాఫీసు సరుకుల జాబితా వరసగా దిగింది. టైము పన్నెండు యాభై.

సంతోషించే వ్యవధి కూడా లేకుండా ఆమె యజమాని స్ట్రోబెల్ ఫోన్ చేశాడు. "కలిసిందటగా? మరి ఇంతసేపూ ఏమైంది? తప్పెవరిది?"

గడి ఖాళీగా వదిలింది ఫ్లైష్మనే కదా. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది.

"నాదేనండీ. అడక్కుండా టిక్కు పెట్టాను," అని కళ్లు గట్టిగా మూసుకుంది.

అటునుంచి స్ట్రోబెల్ విసుక్కున్నాడు.

"ఇదెక్కడి గోలండీ బాబూ! ఇప్పుడే ఆ ఫ్లైష్మన్ ఫోన్ చేసి, తప్పంతా తనదే, ఆమెనేమీ అనొద్దని ఒకటే పోరు. మీ ఇద్దర్లో ఎవర్ని నమ్మను? సరే, సోమవారం ఏడింటికి రండి. ఉద్యోగం కాగితాల మీద సంతకం పెడుదురుగాని."

గుడ్రున్ పక్కనున్న అట్టపెట్టె మీద కూలబడి, ఎవరు చూస్తున్నారన్న పట్టింపు కూడా లేకుండా వెక్కి వెక్కి ఏడ్చింది.