వరసగా పడిన కప్పలు

మా హైమ ఎంత పిరికిదంటే, హాస్టల్ గదిలో బల్లి కనిపిస్తే మంచమెక్కి నన్ను కేకేసేది. ఇలాంటి పిల్ల జీవావరణ శాస్త్రం, వన్యప్రాణి సంరక్షణ చదవడానికి ఎందుకొచ్చిందని యూనివర్సిటీలో అందరూ నవ్వేవాళ్లు. అందరికంటే ఎక్కువ నవ్వింది నేనే. నా పేరు లత, మాది నిజామాబాద్. ఎమ్మెస్సీ రెండో ఏడు ప్రాజెక్టులో ఆమెకు జోడీని.

చెరుకు తోటల్లో నక్కలు, అడవిపిల్లులు ఎన్ని బతుకుతున్నాయో లెక్కగట్టడం మా పని. పద్ధతి చాలా తేలిక. మ్యాపు మీద రెండు కిలోమీటర్ల పొడవున ఒక తిన్నని గీత గీస్తారు. తెల్లవారుజామున దాని వెంటే నడుస్తూ, కనిపించిన ప్రతి జంతువునూ, అడుగుజాడనూ, పెంటనూ రాసుకోవాలి. గీత ఎక్కడ పడాలో మనం ఎంచుకోకూడదు, కంప్యూటర్ ఎంచుతుంది. ఆ కంప్యూటర్‌కు ఏం బుద్ధి పుట్టిందో, మూడో గీతను రుద్రూర్ అవతల హైమ వాళ్ల నాన్న గిరిబాబుగారి చెరుకు గట్టు మీద పడేసింది.

ఇంకేం, రోజూ ఇంటి భోజనమని నేను సంబరపడ్డాను. గిరిబాబుగారి తాత కాలువ నీళ్లు వచ్చిన కొత్తల్లో గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ పొలం కొన్నాడట. వాళ్లింట్లో గోంగూర పచ్చడి తిన్నాక ఇంకో చోట తినబుద్ధి కాదు.

డిసెంబరులో మొదటిసారి ఆ గట్టు ఎక్కాం. అప్పుడే వెలుతురు వస్తోంది. పది అడుగులు వేశామో లేదో, ఒక చచ్చిన కప్ప. రెండు బారల అవతల ఇంకొకటి. తర్వాత పందికొక్కు, ముంగిస, మళ్లీ కప్పలు. చివరన ఒక అడవిపిల్లి, నోరు తెరుచుకుని. నేను ఉత్సాహంగా రాసుకుంటున్నాను. హైమ ఆగిపోయింది.

"లతా, ఇవన్నీ ఒకే వరసలో ఎందుకున్నాయి?"

అప్పుడు చూశాను. రోగమొచ్చి చచ్చినా, పురుగుమందు తాగి చచ్చినా జంతువులు ఎక్కడపడితే అక్కడ పడతాయి. ఇవి దారం కట్టినట్టు పడున్నాయి. వాటి పక్కనే జానెడు వెదురు పుల్లలు, అదే వరసలో. హైమకు వెంటనే అర్థమైంది. అడవిపందుల కోసం రాత్రి పుల్లలకు ఇనుప తీగ కట్టి, మోటారు దగ్గర నుంచి కరెంటు ఇచ్చి, తెల్లారేసరికి చుట్టేస్తున్నారు. చేస్తున్నది ఆమె నాన్నే.

ఆ గట్టుకు ఇరవై గజాల్లో, మహారాష్ట్రలోని నాందేడ్ వైపు నుంచి చెరుకు కొట్టడానికి వచ్చిన కూలీల గుడారాలు వెలిశాయి. వాళ్లకు పెద్ద తారాబాయి. ఆమెతో కొడుకులు, కోడళ్లు, ఆరేడేళ్ల మనవరాలు. గుడారాల్లో మరుగుదొడ్లుంటాయా? చీకటితోనే చెంబు పట్టుకుని గట్టు దాటాల్సిందే.

మధ్యాహ్నం అన్నం దగ్గర హైమ అడిగేసింది. గిరిబాబుగారు దాచలేదు.

"అయిదింటికల్లా తీసేస్తానమ్మా. పందులు పడితే రాత్రికి అరెకరం నేలమట్టం. ఊళ్లో అందరూ పెడుతున్నారుగా."

"కూలీల పిల్లలున్నారు నాన్నా."

"అటు రావద్దని చెప్పాను."

"మీకు మరాఠీ రాదుగా?"

"చేత్తో చూపించానులే."

ఆ సంజ్ఞ తారాబాయికి ఏమని అర్థమైందో దేవుడికే తెలియాలి.

హాస్టల్‌కు వచ్చాక హైమకు ముద్ద దిగలేదు. "మన ప్రాజెక్టు మేడంకు చెప్పు, లేకుంటే పోలీసులకు చెప్పు. గిట్ల కూసుంటె ఎట్ల?" అన్నాను.

"చెబితే నాన్న జైలుకెళ్తారు. చెప్పకపోతే ఆ పిల్ల..." అంది. మూడు రోజులు ఫోను మోగినప్పుడల్లా ఉలిక్కిపడింది. నాకూ భయంగానే ఉంది, కానీ నా భయం అన్నం తిననిచ్చింది.

నాలుగో రోజు సాయంత్రం నన్ను వెంటబెట్టుకుని ఇంటికెళ్లి, చెప్పులైనా విడవకుండా గుమ్మంలోనే చెప్పింది. "రేపటి నుంచి చీకట్లోనే మన గట్టు మీద నడుస్తా నాన్నా. ఏ టైముకో చెప్పను."

"చెబితే తీసేస్తాను కదా!"

"తారాబాయి మనవరాలు టైము చెప్పి వస్తుందా?"

"నన్ను బెదిరిస్తున్నావా?" అన్నారాయన, గొంతు పెంచి.

"లేదు నాన్నా. భయపడుతున్నా."

ఆయన లేచి పొలానికి వెళ్లిపోయారు.

తెల్లవారుజామున నాలుగున్నరకు గట్టు చివర నిలబడ్డాం. పొగమంచు. తీగ ఉందో లేదో టార్చి వెలుగులో తెలియడం లేదు. చెరుకాకు ఒంటికి తగిలినా నా గుండె ఆగుతోంది. హైమ టార్చి నేలకు దించి పుల్లల వరస వెతికింది. నావైపు చూసి, "నువ్విక్కడే ఉండు" అంది. నేను ఉండిపోయాను. ఆ మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. బల్లికి భయపడే పిల్ల అడుగు ముందుకు వేసింది, నేను వేయలేదు.

రెండో అడుగు వేసేలోపే అవతల నుంచి ఎవరో వస్తున్న అలికిడి. గిరిబాబుగారు. కాళ్లకు చెప్పుల్లేవు, మోకాళ్ల దాకా బురద. భుజం మీద తీగ చుట్ట.

"సాయంత్రమే తీసేశాను," అన్నారు. "అయినా నమ్మకం చాల్లేదమ్మా. మర్చిపోయిన ముక్క ఎక్కడైనా ఉందేమోనని నడిచి చూస్తున్నాను."

"ఎప్పటినుంచి నాన్నా?"

"నువ్వు టైము చెప్పలేదుగా."

హైమ ఏడ్చేసింది. ఆయన ఏదో అనబోయేంతలో గుడారాల వైపు చెంబు చప్పుడైంది. తారాబాయి మనవరాలు నిద్రకళ్లతో వచ్చి, సరిగ్గా ఆ వెదురు పుల్లల మధ్య నుంచి గట్టు దాటి, మమ్మల్ని చూసి నవ్వి వెళ్లిపోయింది. గిరిబాబుగారు సెల్‌ఫోనులో టైము చూసుకున్నారు. ఇంకా అయిదు కాలేదు. తీగ చుట్టతో సహా అలాగే గట్టు మీద కూలబడ్డారు.

కాసేపటికి హైమ కళ్లు తుడుచుకుని ముందుకు కదిలింది. మా గీత ఇంకా దాదాపు రెండు కిలోమీటర్లూ ఉంది. వాళ్ల పొలం అయిపోయి, పక్క రైతు రామకోటేశ్వరరావుగారి గట్టు మొదలయ్యే చోట గిరిబాబుగారు ఒక్క ఉరుకున వచ్చి కూతురి చెయ్యి పట్టుకున్నారు. ఊళ్లో అందరూ తీగ పెడుతున్నారని ఆయనకంటే బాగా ఎవరికి తెలుసు?

"ఆగమ్మా. ఇక్కడే ఆగు."

చీకట్లో వెలుగుతున్న పక్క పొలం మోటారు షెడ్డు బల్బు వైపు తిరిగి, గొంతు చించుకుని అరిచారు.

"రామకోటేశ్వరరావూ! కరెంటు తియ్యవయ్యా! పిల్లలు తిరుగుతున్నారు!"