జల్లెడక్క విరిగిన చెయ్యి

బేకరీ నడిపే ఆవిడను వీధంతా జల్లెడక్క అనేది. బజారులో కలిపి అమ్మే పొడి ఒక్కటీ ఆమె గుమ్మం దాటనిచ్చేది కాదు. వంటసోడా, నిమ్మ ఉప్పు, మొక్కజొన్న పిండి విడివిడిగా తెచ్చి, మూడుసార్లు జల్లించి బేకింగ్ పౌడర్ తానే కలుపుకునేది. ఎర్రరంగు కావాలంటే బీట్‌రూట్ తురిమి, ఎండబెట్టి తమ్ముడిచేత దంచించేది. నాలుగేళ్లప్పుడు కూతురు ఎక్కడో రంగు కేకు తిని, గొంతు వాచి, ఆమె ఒళ్లోనే నీలంగా మారిపోయింది. పిల్ల బతికింది గానీ తల్లికి ఆ భయం వదల్లేదు. రంగు పడని పిల్లలున్నవాళ్లు కళ్లు మూసుకుని ఆమె దగ్గరే కొనేవారు.

వడ్రంగి కూడా అలాగే కూతురికి ఎర్ర కేకు కొన్నాడు.

మర్నాడు పొద్దున్నే సుత్తితో వచ్చాడు. మొదటి దెబ్బకు అద్దాల బీరువా బన్నుల మీద కూలింది. రెండో దెబ్బకు ఆమె అడ్డం పెట్టిన కుడిచెయ్యి పుటుక్కున విరిగింది.

"నిన్ను నమ్మి పెట్టానమ్మా. నా బిడ్డకి ఊపిరాడక గొట్టాలు పెట్టారు."

ఆమె వేలాడుతున్న చేతిని పొట్టకు అదుముకుని, రంగు డబ్బా తెచ్చి చిటికెడు పొడి గ్లాసు నీళ్లలో వేసింది. తన పొడైతే నలకలుగా అడుగుకు దిగాలి. ఇది నెత్తురులా గ్లాసంతా అల్లుకుంది.

పెరటి తలుపు వైపు జారుకుంటున్న తమ్ముణ్ణి ఆపి, ఏం పోశావురా అని అడిగింది.

"దంచలేక చేతులు పడిపోతున్నాయక్కా. రెండు చెంచాల బజారు రంగేగా."

పిండి రుద్దే కర్ర ఎడమచేత్తోనే అందుకుంది. మొదటి దెబ్బకు అతని ముందుపళ్లు రెండు రాలాయి. కింద పడ్డవాడి గుండెల మీద మోకాలు ఆనించి భుజం మీద, చెవి మీద, ఎక్కడ తగిలితే అక్కడ బాదింది. చివరికి వడ్రంగే సుత్తి పారేసి, ఆమె నడుం పట్టి వెనక్కి లాగాడు. చచ్చిపోతాడు, వదిలెయ్యమని బతిమాలాడు. ఆమె అతణ్ణీ మోచేత్తో పొడిచింది.

పోలీసులు వచ్చి చెయ్యి ఎవరు విరగ్గొట్టారని అడిగారు.

"కొట్టింది ఈయన. కొట్టించింది నా తమ్ముడు. వాడి పళ్లు రాలగొట్టింది నేను. ముగ్గురివీ రాసుకోండి."

వడ్రంగి కూతురు నాలుగోరోజున కళ్లు తెరిచింది. తమ్ముడు పక్క వీధి బేకరీలో చేరి, అక్కకు పిచ్చెక్కిందని చెప్పుకు తిరిగాడు. ఆమె చెయ్యి వంకరగానే అతుక్కుంది. వాన కురిసిన రోజుల్లో అది సలుపుతున్నా, బీట్‌రూట్ ఎడమచేత్తో తానే దంచుకునేది. రోకటి పోటు మాత్రం అవసరానికి మించి గట్టిగా పడేది.