సగం హ్యాండ్ బ్రేకు

నవ్వనని మాటిస్తేనే చెప్త. మొన్న ఆదివారం మా అత్తను కార్ల కూసోబెట్టుకొని కొత్తగూడెం మీదికెల్లి కల్లూరు పోతనని టక్ చేసుకొని బయల్దేరిన నేను, పొద్దుగూకేసరికి ఎట్ల తిరిగొచ్చిన్నో తెలుసా? ట్రాక్టర్ వెనక, తాడు కట్టుకొని!

సెకండ్ హ్యాండ్ల చిన్న కారు కొన్న కదా. కొన్నప్పటి సంది సారపాకల నా అంత డ్రైవర్ లేడని నా ఫీలింగ్. పేపర్ మిల్లు క్వార్టర్స్‌ల ఎవరు బండి తీసినా పక్కన నిలబడి లెక్చర్ ఇచ్చేటోన్ని. "క్లచ్ మీద కాలు తియ్యి", "గేరు గట్ల వెయ్యొద్దు" అని. నాకు నేను పెట్టుకున్న రూల్ కూడ ఒకటుంది. హ్యాండ్ బ్రేకు పూర్తిగ గుంజొద్దు, రెండు టిక్కులు చాలు. ఎక్కువ గుంజితే కేబుల్ సాగిపోతది! ఈ సైన్సు నాకు ఎవరు చెప్పిండ్రంటే, ఎవరూ చెప్పలె. సగం గుంజిన బ్రేకుతోటి తిప్పలేందంటే, దించుడు మర్చిపోయినా బండి ఏమనదు. కదుల్తది.

మా అత్తది కల్లూరు. భద్రాచలం రామయ్య దర్శనానికొచ్చి మా ఇంట్ల నాలుగొద్దులుంది. ఆ పొద్దున బ్యాగు సర్దుకొని, "నేను బస్సులో వెళ్లిపోతాను అల్లుడుగారూ, మీకెందుకు శ్రమ" అన్నది. ఆమె నన్ను ఎన్నడూ "మీరు" తప్ప ఇంకో మాట అనలె. నా ముంగట కుర్చీల గూడ కూసోదు. గంత మర్యాద. అల్లుడికి కారుండంగ అత్త బస్సుల పోవుడేంది! నేనే బలవంతంగ ఎక్కించిన. మా ఆవిడ సుజాత ముందట, అత్త వెనక సీట్ల, ఒడిల గోదావరి నీళ్ల క్యాను.

బయల్దేరంగనే బండి కొంచెం బరువుగ అనిపించింది. అత్త సామాను ఎక్కువైందేమో అనుకొని యాక్సిలేటర్ ఇంకింత తొక్కిన.

మిల్లు దాటినమో లేదో సుజాత ముక్కు ఎగబీల్చింది. "ఏందో మాడుతున్న వాసన."

"మిల్లు వాసన."

"పెండ్లయినప్పటి సంది మిల్లు వాసనే పీలుస్తున్న. ఇది అది కాదు."

నేను ఇనలె. ఇంకొంత దూరం పోయినంక అడవి మొదలైంది. వాసన ఎక్కువైంది. "ఇప్పపూలు ఏరనీకి చెట్ల కింద ఆకులు కాలబెడుతున్నరు. ఎండకాలం కదా" అని చెప్పిన. నిజంగనే రోడ్డు పక్కన ఒక దగ్గర ఆకులు కాలుతున్నయి గూడ. నా అదృష్టం గట్ల కలిసొచ్చింది మరి!

"మరి ఆ ఎర్ర లైట్ ఏంది?" అని స్టీరింగ్ ముంగట ఎలుగుతున్న బుడ్డ లైట్ చూపించింది.

"నువ్వు బెల్ట్ పెట్టుకోలె కదా, అందుకే."

సుజాత బెల్ట్ పెట్టుకుంది. లైట్ ఆరలె.

"పాత బండి. గట్లనే ఉంటది" అన్న. నేనైతే బెల్ట్ పెట్టుకోలె. గంత పెద్ద డ్రైవర్‌కు బెల్ట్ ఎందుకు!

వెనకనుంచి అత్త మెల్లగ దగ్గింది. "అల్లుడుగారూ... ఏం అనుకోవద్దు... వెనక్కి చూస్తే కొంచెం పొగలా కనిపిస్తోందండీ. మనదేమో అని."

"దుమ్ము, అత్తమ్మా. మీరు నిమ్మలంగ కూసోండి."

అప్పుడే దిగుడు వచ్చింది. రోడ్డు సాపుగ కిందికి జారుతున్నది. ముంగట వెదురు లారీ ఒకటి నత్త లెక్క పోతున్నది. దాని వెనకనుంచి వెదుర్లు బయటికి పొడుచుకొచ్చి ఉన్నయి, కొసలకు ఎర్రగుడ్డ కట్టి. స్పీడ్ తగ్గిద్దామని బ్రేకు తొక్కిన.

కాలు మెత్తగ కిందికి పోయింది. దూదిల దిగినట్టు.

మళ్ల తొక్కిన. ఈసారి ఫ్లోర్ దాంక పోయింది. బండి తగ్గలె! ఓవర్‌టేక్ చేద్దామంటే ఎదురుంగ ఇసుక లారీ వస్తున్నది. వెదురు కొసలు దగ్గరైతున్నయి. ఒక్కొక్కటి నా మొఖం దిక్కే చూస్తున్నయి.

"ఏమండీ, స్లో చెయ్యిండి" అన్నది సుజాత.

నేను ఇంకోపారి తొక్కిన.

"ఏమండీ!"

"బ్రేకులు పడ్తలేవు."

వెనక సీట్ల ఇన్నేండ్ల మర్యాద ఒక్కపారి తెగిపోయింది. "ఒరేయ్! ఆపరా!"

"బ్రేకుల్లేవత్తమ్మా!"

"లేకపోతే నన్నెందుకు ఎక్కించుకున్నావురా!"

గేరు నాలుగునుంచి మూడుకు కొట్టిన. ఇంజను గట్టిగ ఒర్లింది. కొంచెం తగ్గింది, కని చాలలె. అప్పుడు తలకాయల బల్బు ఎలిగింది. హ్యాండ్ బ్రేకు! ఇన్నొద్దుల సంది కేబుల్ సాగొద్దని కాపాడుకున్న కదా, ఇయ్యాల తెగిపోతే తెగిపోనీ, పూర్తిగ గుంజుతనని ఎడమ చెయ్యి కిందికి ఏసిన.

అది ముందే పైకి ఉంది.

ఇంటికాడ ఎత్తిన రెండు టిక్కులు ఎత్తినట్టే ఉన్నయి. గా వాసన, గా పొగ, గా ఎర్ర లైట్, గా బరువు, అన్నీ ఒక్క నిమిషంల అర్థమైనయి. నేను ఇంతసేపు వెనక చక్రాలను కాల్చుకుంట వచ్చిన! గా వేడికే బ్రేకు ఆయిల్ మరిగి పెడల్ మెత్తబడ్డది. అయినా గుంజిన. కాలిపోయిన బ్రేకు ఏం పట్టుకుంటది? గర్... అన్నది, గంతే.

వెదుర్లు బానెట్ దాంక వచ్చినయి. ఎడమ దిక్కు చూసిన. రోడ్డు పక్కనే మిర్చి కళ్లం. ఎర్రగ, పెద్ద కుప్ప. కూలోళ్లు అవుతల పందిరి కింద సద్ది తింటున్నరు. కళ్లంల మనుషులు లేరు. హారన్ మీద అరచెయ్యి పెట్టి, రెండో గేరు కొట్టి, స్టీరింగ్ ఎడమకు తిప్పిన. బండి ఎగిరింది. నా తలకాయ టాపుకు తాకింది. "రామా!" అని అత్త. అటెనుక అంతా ఎర్రగ అయింది. అద్దం నిండ మిరపకాయలే.

బండి ఆగింది.

నేను సుజాత చెయ్యి పట్టుకున్న. వెనక్కి తిరిగి చూస్తే అత్త క్యాను గట్టిగ పట్టుకొని కండ్లు మూసుకొని ఉంది. ఎవరికీ ఏం కాలె. నిజం చెప్తున్న, అప్పుడు ఏడుపొచ్చింది నాకు.

పందిరి కిందనుంచి కళ్లమాయన ఉరికొచ్చిండు. ముత్తయ్య అంట ఆయన పేరు. మిర్చి దిక్కు చూడకుండ ముందుగాల డోర్ గుంజి, "అందరు మంచిగున్నరా? దెబ్బలు తాకినయా?" అని అడిగిండు. ముగ్గురిని దింపి నీళ్లిచ్చిండు. నష్టం కట్టిస్తనని నేను చేతులు జోడిస్తుంటే, "గది తర్వాత చూద్దం తీ" అన్నడు. గా మనిషి మంచితనానికి నేను చేసిన మర్యాద ఏందో చూడుండ్రి.

వెనక చక్రాలు నిప్పుల లెక్క కాలుతున్నయి కదా. వాటి కింద ఎండు మిర్చి. సన్నగ పొగ లేచింది. మంట అంటుకుంటదేమో అని నాకు భయమైంది. అత్త చేతులకెల్లి క్యాను గుంజుకొని గోదావరి నీళ్లు మొత్తం చక్రం మీద కుమ్మరించిన. అప్పటికి నాకు దిమాక్ అనేది పనిచేస్తలేదన్నట్టు.

సుయ్‌య్‌య్!

మంట లేవలె. కని ఆవిరి లేచింది. ఉత్త ఆవిరి కాదు, మిర్చి ఘాటు! కండ్లల్ల కారం కొట్టినట్టే. ముత్తయ్య దగ్గుకుంట కింద కూసున్నడు. సద్ది తింటున్న కూలోళ్లు ముద్దలు ఇడిచిపెట్టి లేచిండ్రు. సుజాత కొంగు అడ్డం పెట్టుకుంది. అత్త ముక్కు చీదుకుంట ఏడుస్తున్నది. గాలి పక్కనున్న పల్లె దిక్కు మళ్లింది. ఇండ్లల్లకెల్లి మందంత బయటికొచ్చి రోడ్డు మీద నిలబడి బోరున ఏడుస్తున్నరు. చంటిపిల్లలు, ముసలోళ్లు, అందరు. ఎవరిని ఎవరు ఓదార్చుడు లేదు.

గప్పుడే భద్రాచలం దిక్కునుంచి బస్సొచ్చింది. కళ్లంల ఇరుక్కున్న కారు, చుట్టూత ఏడుస్తున్న జనం చూసి డ్రైవర్ బస్సు ఆపిండు. కండక్టర్ దిగిండు. పాపం, గొంతు తగ్గించి, మా సుజాత దగ్గరికొచ్చి అడిగిండు.

"అయ్యో... ఎవరు పోయిండ్రమ్మా?"

సుజాత ముక్కు తుడుచుకుంది. నా దిక్కు ఒక చూపు చూసింది.

"మనుషులు కాదన్నా. మా ఆయన పరువు పోయింది. కొత్తగూడెం దాంక రెండు టికెట్లు ఇయ్యి."

మనం ముగ్గురం కదా అని అడిగే ధైర్యం నాకు లేకపాయె.