మొదటి మలుపులోనే తేల్చేసే అత్తయ్య

మా అత్తయ్య డ్రైవింగ్ నేర్పుతుంది. ఇరవై రెండేళ్ళుగా అదే పని. స్కూలంటే పెద్ద భవనమేమీ కాదు. ఇంటి ముందుగది, రెండు బల్లలు, గోడకి రోడ్డు గుర్తుల పటం, బయట పసుపు కారు. ఫోన్లు ఎత్తేది, రిజిస్టరు రాసేది, తిట్లు తిన్నవాళ్ళకి మంచినీళ్ళిచ్చేది కోడలినైన నేను.

ఆవిడకో గర్వం ఉండేది. కొత్తవాళ్ళు కారెక్కి మొదటి మలుపు తిరిగేలోపు మనిషి ఎలాంటివాడో తేల్చేసేది. "అన్నమంతా పట్టి చూడక్కర్లేదే, ఒక్క మెతుకు చాలు" అనేది. నన్ను చూసిన మొదటిరోజే "ఈ పిల్ల ఒట్టి బద్ధకస్తురాలు" అని మా ఆయనతో చెప్పిందట. ఆ రోజు నాకు జ్వరం. తొమ్మిదేళ్ళయినా ఆ కోపం నాకింకా చల్లారలేదు, దాచుకోవడమెందుకు.

ఈ ఏడాది ఒక బేకరీ పనివాడు నేర్చుకోవడానికి వచ్చాడు. యాభై ఏళ్ళుంటాయి. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి, స్టీరింగ్ మీద చేతులు వణుకుతున్నాయి. అత్తయ్య ఆ రోజు మొదటి మలుపు దాకా కూడా ఆగలేదు. పాఠం అయ్యాక లోపలికి వచ్చి నా చెవిలో "తాగుబోతు" అంది.

"వాసనొచ్చిందా అత్తయ్యా?"

"వాసనతో పనేంటి? చేతులు చెప్పట్లేదూ?"

ఆ వారమంతా ఆవిడ ఆయన పక్కన కూర్చుని, తనవైపున్న రెండో బ్రేకు మీంచి కాలు తీయలేదు. "క్లచ్ వదలమంటే వదలరేం? నిద్రపోతున్నారా?" అని అరిస్తే వీధి చివరికి వినిపించేది. అంతటితో ఊరుకుందా? బేకరీ యజమానురాలు ఫోన్ చేసి, "డెలివరీ వ్యాన్ కొన్నామండీ. మా మనిషికి నెలాఖరులోపు లైసెన్స్ వస్తుందా, ఇంకొకర్ని చూసుకోమంటారా?" అని అడిగితే, "ఆశ పెట్టుకోకండమ్మా, తాగుడు అలవాటున్నట్టుంది" అని చెప్పేసింది. నాకు ఒళ్ళు మండింది. చూడనిదానికి సాక్ష్యం చెప్పడమేమిటి?

మరుసటి ఉదయం ప్రార్థనలో ఆ మాటే అడ్డం పడింది. అత్తయ్య రోజూ ఆరింటికి ముందుగదిలో మోకాళ్ళూని, నేర్చుకునేవాళ్ళలో ఎవరికేం కావాలో దేవునికి చెబుతుంది. నర్సమ్మకి రివర్సు భయం పోవాలి, కాలేజీ పిల్లకి దూకుడు తగ్గాలి, ఇలా. నేను వెనక కళ్ళు మూసుకుని ఆమేన్ కోసం కాచుకుని ఉంటాను. ఆ రోజు "ప్రభువా, ఆ బేకరీ ఆయనకి..." అని ఆగిపోయింది.

"ఆయన డ్రైవింగ్ ఎందుకు నేర్చుకుంటున్నాడే?" అని వెనక్కి తిరిగి అడిగింది.

"మీరెప్పుడైనా అడిగారా?"

"లేదు."

"పోనీ, తాగుడు మాన్పించమని అడగండి." కావాలనే గుచ్చాను.

ఆవిడకి కోపం రాలేదు. "ప్రభువు ముందు ఆ మాట ఎలా అననే? నిజమేంటో ఆయనకి తెలుసుగా. నిన్న ఫోన్లో గడగడా అనేశాను. ఇక్కడ నోరు రావట్లేదు" అంది. ఆ మొహం చూస్తే నాకే జాలేసింది.

ఆ రోజు నన్నూ వెనక సీట్లో కూర్చోమంది. కారు కదలకముందే, "మీకీ లైసెన్స్ ఎందుకండీ?" అని ఆయన్ని అడిగింది.

ఆయన స్టీరింగ్ వైపే చూస్తూ చెప్పాడు. "పన్నెండేళ్ళుగా రాత్రి డ్యూటీయండీ, పొయ్యి దగ్గర. నేను ఇంటికెళ్ళేసరికి పిల్లలు బడికి పోతారు. వాళ్ళొచ్చే వేళకి నేను బయల్దేరాలి. సెలవు రోజంతా నిద్రే. వ్యాన్ పనైతే పగలండీ."

"మరి ఈ చేతులు?"

ఆయన తన చేతులవైపు చూసుకున్నాడు. "పొయ్యి దగ్గర వణకవండీ. మీ పక్కన కూర్చుంటేనే."

అత్తయ్య ఆయనవైపు తిరిగింది. "మిమ్మల్ని తాగుబోతనుకున్నాను. మీ యజమానురాలికీ చెప్పాను. తప్పు చేశాను, క్షమించండి" అంది.

"అందుకా నిన్న ఆవిడ దగ్గరికొచ్చి వాసన చూసింది" అన్నాడాయన మెల్లగా. "వ్యాన్‌కి వేరే అతన్ని చూస్తున్నామన్నారండీ."

"బేకరీకి పోనివ్వండి."

దారిలో ఇంజిను రెండుసార్లు ఆగింది. అత్తయ్య కిమ్మనలేదు. బేకరీలో కొనేవాళ్ళూ పనివాళ్ళూ వింటుండగానే యజమానురాలితో, "ఈయన గురించి నేను చెప్పింది అబద్ధం" అంది.

"అలవాటున్నట్టుంది అన్నారంతేగా?"

"చూడకుండా అన్నాను. అదీ అబద్ధమే. నెలాఖరు దాకా ఆగండమ్మా. ఈయనకి రాకపోతే నేర్పడం నాకు చేతకానట్టు." యజమానురాలు అయిష్టంగానే ఒప్పుకుంది.

ఆ తర్వాత అత్తయ్య నోరు అదుపులో పెట్టుకోవడం చూడాలి, పాపం, కత్తిమీద సామే. కేక గొంతు దాకా వచ్చినప్పుడల్లా "ప్రభువా" అని గొణుక్కునేది. పాఠానికి నలభైసార్లు పిలిచి ఉంటుంది. నాలుగో రోజుకి ఆయన చేతులు నిలకడగా ఉన్నాయి. నెలాఖరు పరీక్షలో పాసయ్యాడు.

పగటి పనిలో చేరిన మర్నాడు వ్యాన్ వీధిలో ఆపి లోపలికి వచ్చాడు. "రాత్రి అందరం కలిసి భోంచేశామండీ. మా చిన్నది తినడం మానేసి నావైపే చూస్తోంది. ఏంటమ్మా అంటే, నాన్న తినడం నేనెప్పుడూ చూడలేదు అందండీ."

అత్తయ్య కళ్ళు తుడుచుకుంటూ, "ఆ కంచమే కదండీ నేను ఒక్క మాటతో లాగేయబోయింది" అంది.

"లాగలేదు కదండీ" అన్నాడాయన.