లేని ఊరి కారం

సింగపూరులో సెరంగూన్ మాల్ అడుగు అంతస్తులోని సూపర్‌మార్కెట్‌లో బంగాళాదుంపల దగ్గర నిలబడితే, ఎంత కడిగినా, ఎన్ని సముద్రాలు దాటించినా వదలని తడిమట్టి వాసన ఒకటి ముక్కుకు తగులుతుంది. మొన్న ఆ వాసన వెంట పోయి చూస్తే వలసంచీ మీద ఐడహో అని అచ్చువేసి ఉంది. రెండు దుంపలకు మొలకలు కూడా వచ్చాయి. ఆ వంక పెట్టి కాస్త తగ్గించమని అడుగుదామనుకుంటే ఎదురుగా మనిషి లేడు, డబ్బు కట్టించుకునే యంత్రం ఉంది. కొట్టు మనుషుల మధ్య పుట్టి, చెప్పిన ధర ఇవ్వడం వంశానికే అప్రతిష్ఠ అని నేర్చుకుని పెరిగినదాన్ని, ఆ యంత్రం అడిగినంతా నోరు మూసుకుని ఇచ్చి వచ్చాను.

మా నాన్న కొట్టు టోవా పాయోలో, మేముండే బ్లాకు కిందే ఉండేది. తలుపు తీయగానే ఇంగువ, కొబ్బరినూనె, గోనెసంచుల దుమ్ము, అగరొత్తులు కలిసిన వాసన ఒక్కసారిగా మీద పడేది. డిసెంబరు వానల్లో ఆ వాసనకు తడిసిన గొడుగుల ముతక కంపు తోడయ్యేది. దీపావళి ముందు వారమంతా పైనుంచి అమ్మ వండే మురుకుల నూనెపొగ మెట్ల మీదుగా దిగివచ్చి పప్పుల సంచుల మధ్య కూర్చునేది. నేను గల్లాపెట్టె పక్కన స్టూలు మీద కూర్చుని చింతగింజలతో అచ్చనగాయలు ఆడుతూ, నాన్న బేరాలు వింటూ పెరిగాను. ఆయన ధర తగ్గించే ముందు ఒక నిట్టూర్పు విడిచేవాడు. ఆ నిట్టూర్పు నాకు అక్షరాలకన్నా ముందు వచ్చింది.

కొట్టులో అన్నిటికన్నా బాగా అమ్ముడుపోయేది అమ్మ కొట్టిన కారం. ఎండుమిరపకాయలు, ధనియాలు, వెల్లుల్లి వేయించే రోజున మా అంతస్తు అంతా తుమ్మేది. ఎదురింటి చైనా ఆంటీ కిటికీలు మూసుకుని, సాయంత్రం మాత్రం గిన్నె పట్టుకుని వచ్చేది. ఆ కారానికి నాన్న సింగంకోన కారం అని పేరు పెట్టాడు. ఏ ఊరిదన్నా అని ఎవరైనా అడిగితే, కడప దాటినాక లోపలికి పోవాల అనేవాడు. అటువంటి ఊరు లేదు. సింగపూరులోంచి సింగాన్ని తీసి దాని వెనక ఒక కోన తగిలించాడు, అంతే. ఆ కోన పేరు చెప్పి ధర కూడా కొంచెం ఎక్కువే తీసుకునేవాడు.

ఒక ఏడాది బళ్లో అమెరికా పడమటి రాష్ట్రాల చరిత్ర రాసుకు రమ్మని చీటీలు తీయించారు. పక్క బెంచీ మెయ్ లింగ్‌కు కాలిఫోర్నియా వచ్చింది. బంగారం, సినిమాలు, నారింజతోటలు, అడిగినంత సరుకు. నాకు ఐడహో. మార్చుకుందామని బేరం పెట్టి, బయానాగా నా దగ్గరున్న, జెండా బొమ్మ అచ్చువేసిన మంచి రబ్బరు ఇచ్చాను. ఆమె రబ్బరు తీసుకుంది, కాలిఫోర్నియానూ ఉంచుకుంది. కొట్టువాడి కూతురి తొలి పెద్దబేరం అలా ముగిసింది.

ఇంటికొచ్చి నాన్నకు చెప్పాను.

"యాడ?" అన్నాడు.

"ఐడహో."

"అదే మే, యాడ అనే కదా నేనూ అడిగేది!"

"ఊరి పేరే అది నాన్నా!"

"యాడుందో తెలీని ఊరికి యాడహో అనే పేరా? బాగుంది పో."

టోవా పాయో గ్రంథాలయంలో కూర్చుని చదివితే ఆ పేరు కథ దొరికింది. ఇది అక్కడి ఆదివాసుల మాట, కొండల్లో మణి అని అర్థం అని ఎవరో ఒక పెద్దమనిషి నమ్మబలికాడట. ముందు పక్క ప్రాంతానికి ఆ పేరు పెట్టబోయి, అది కల్పించిందని తెలిసి వెనక్కి తీసుకున్నారు. ఆ ప్రాంతం కొలరాడో అయింది. కానీ ఈలోపల పేరు జనం నోళ్లలో పడి, ఒక పొగపడవకూ, కొన్ని గనులకూ అంటుకుపోయింది. చివరికి పక్కనున్న ఇంకో ప్రాంతానికి అదే ఖాయమైంది. ఒక కొట్లో పోని సరుకు పక్క కొట్లో పోయినట్టు. ఇంటికొచ్చి అదంతా నాన్నకు చెప్పాను.

ఆ ఆదివారం, మన వైపునుంచి షిప్‌యార్డు పనికి వచ్చిన మనుషులు ఎప్పటిలాగే కొట్టు నిండా ఉన్నారు. వాళ్లలో ఓబులేసు అని ఒకాయన, పులివెందుల వైపువాడు, వారం తప్పకుండా ఆ కారం కొనేవాడు. పని పర్మిట్టు అయిపోయి ఊరికి పోతున్నాడు. ఊరికి పోయే మనిషి ఇంకొకరి ఇంటికి తలనొప్పికి రాసుకునే కోడాలితైలం సీసానో, సబ్బులో మోసుకుపోవడం అప్పట్లో ఆనవాయితీ. ఏమీ పంపకపోతే మనకు అక్కడ ఎవరూ లేరన్నట్టు.

"అన్నా, సింగంకోనకు ఏమన్నా ఇయ్యి, ఇచ్చొస్తా. బస్సులు మారైనా పోతా. మీవాళ్లను చూసినట్టూ ఉంటాది," అన్నాడు.

నాన్న నిట్టూర్చలేదు. నా వైపు తిరిగాడు.

"మే, ఆ యాడహో పేరు అబద్ధమని తెలిసినాక వాళ్లేం చేసినారు?"

"అట్లే ఉంచుకున్నారు."

"ఆ మాట ఆదివాసులది అన్నారంటివే, వాళ్లను అడిగినారా?"

"అడిగినట్టు పుస్తకంలో లేదు."

కొట్టంతా వింటోంది. ఒప్పుకుంటే నాన్న మాటకు ఆ ఆదివారం మనుషుల్లో విలువుండదు. ఒప్పుకోకపోతే ఓబులేసు లేని ఊరికోసం కడప కొండల్లో తిరుగుతాడు.

"అట్లాంటి ఊరు లేదప్పా. నేను పెట్టిన పేరు," అన్నాడు నాన్న.

ఓబులేసు కారం పొట్లాన్ని తిప్పి దాని మీది పేరు చూశాడు. "మరి నీ ఊరేదన్నా?"

"తెలీదు. మా తాత ఓడెక్కి వచ్చినాడని తప్ప యాడ్నుంచో ఎవరూ చెప్పలా. నేను పుట్టింది ఈడే."

ఓబులేసు పొట్లం గల్లాపెట్టె మీద పెట్టాడు.

"అయితే తగ్గించు. ఊరు లేని కారానికి ఊరి రేటేందన్నా?"

వెనకనుంచి ఒకడు కిసుక్కుమన్నాడు, తర్వాత అందరూ నవ్వారు. బేరం మొదలుపెట్టకుండానే నాన్న ఓడిపోయిన రోజు నాకు తెలిసి అదొక్కటే. ఆయన ధర తగ్గించి, తైలం సీసా కూడా ఇచ్చాడు, నీ ఇంటికే అని.

మరుసటి వారం నుంచి పొట్లాల మీద పేరు లేదు. దాంతో ఎవరికి తోచింది వాళ్లు పిలవసాగారు. మా వేంపల్లె కారం ఇయ్యన్నా అని ఒకరు, మా జమ్మలమడుగుది రెండు పొట్లాలు అని ఇంకొకరు. నాన్న అందరికీ ఒకే డబ్బాలోంచి తీసి ఇచ్చేవాడు. నా ఐడహో చరిత్రకు మార్కులు మాత్రం ముక్కుతూ మూలుగుతూ వచ్చాయి. టీచరుతో బేరమాడాను, ఆమె తగ్గలేదు.

కొట్టున్న చోట ఇప్పుడు బబుల్ టీ అమ్ముతున్నారు. షిప్‌యార్డు మనుషులు ఎక్కడో ద్వీపం అంచుల డార్మిటరీల్లో ఉంటారు, వాళ్ల కొట్లు ఆ గోడల లోపలే. అమ్మ పాళ్లు చేతి అంచనాతోనే ఉండేవి, ఆమెతోనే పోయాయి. నా వంటింట్లో ఉన్న కారం సంచీ మీద గుంటూరు అని పెద్దగా అచ్చువేసి ఉంటుంది, ఆ ఊరు నిజంగా ఉంది కూడా. కొనేటప్పుడు దాన్ని మా ఊరిది అని అడిగేవారు నా వెనక వరుసలో ఎవరూ ఉండరు.